ఎదుగుదల ఆగిపోయినప్పుడు: ఇమామ్ గజాలీ అనుభవం

ఐదు పూటలా నమాజు జరుగుతూనే ఉంటుంది. రమజాన్ ఉపవాసాలు తప్పవు. ఫజ్ర్ తరువాత నాలుగు పుటల ఖుర్ఆన్ పారాయణమూ ఆగదు. అయినా పోయిన ఏడు ఏ కోపం ఉండిందో ఈ ఏడూ అదే కోపం. అప్పుడు ఏ పిసినారితనం ఉండిందో ఇప్పుడూ అదే పిసినారితనం. చదివినది పెరిగింది, మనిషి మాత్రం పెరగలేదు. ధర్మం పట్ల శ్రద్ధ గలవారిని ఎప్పుడో ఒకప్పుడు ఈ స్థితి పట్టుకుంటుంది. శ్రద్ధ లేనివానికి ఈ బాధే లేదు.

ఇటువంటప్పుడు మనుషులు సాధారణంగా రెండు విధాలుగా తొందరపడతారు. కొందరు తమ విశ్వాసమే బూటకమని నిర్ణయించుకొని, చేస్తున్న కాస్త ఆరాధననూ సడలిస్తారు. మరికొందరు ఒక్కసారిగా నఫిల్ నమాజులు రెట్టింపు చేసి, పదిహేను రాత్రులు జాగారం చేసి, పదహారవ నాడు ఫజ్ర్‌కే లేవలేకపోతారు. రమజాన్‌లో నిండిన పంక్తులు షవ్వాల్‌లో పలచబడటం ప్రతి మస్జిదులోనూ కనిపించేదే. ఎదుగుదల ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అని విచారించే పని మాత్రం ఇరువురూ చేయరు.

అరబ్బీలో ఈ సడలుపాటును ‘ఫత్రత్’ అంటారు. చురుకుదనం తరువాత వచ్చే మందగింపు, రెండు కాలాల నడిమి విరామం అని దీని భావం. దైవవాణి అవతరణ కొంతకాలం నిలిచిపోయిన సందర్భాన్ని కూడా చరిత్రకారులు ఈ పదంతోనే పేర్కొన్నారు. మరొక పర్యాయం వహీ రావడం ఆలస్యమైతే, ప్రభువు ఆయనను విడిచిపెట్టాడని మక్కా విరోధులు ఎత్తిపొడిచారు. ఆ మాటను ఖండిస్తూ అవతరించినదే 93వ సూరా ‘అద్దుహా’. విరామం వేరు, విడనాడటం వేరు అన్న తేడా అక్కడే స్పష్టమైంది.

సహచరులలోనూ ఈ కలవరం కలగకపోలేదు. దైవప్రవక్త (స) లేఖకులలో ఒకరైన హజ్రత్ హంజలా (రజి) ఒకనాడు హజ్రత్ అబూబక్ర్ (రజి)ను కలిసి, తాను కపటినైపోయానని వాపోయారు. ప్రవక్త (స) సన్నిధిలో ఉన్నంతసేపు స్వర్గనరకాలు కళ్ళెదుట ఉన్నట్లే ఉంటాయి. ఇంటికి వెళ్ళి భార్యాబిడ్డల మధ్య, పొలం పనుల మధ్య పడగానే చాలావరకు మరపున పడిపోతుంది. ఇదీ ఆయన బాధ. తన పరిస్థితీ అంతేనని అబూబక్ర్ (రజి) చెప్పారు. ఇద్దరూ కలిసి వెళ్ళి విన్నవించగా, ఆ స్థితిలోనే నిరంతరం ఉండగలిగితే దైవదూతలే పడకల మీద, దారుల మీద వచ్చి కరచాలనం చేసేవారని ప్రవక్త (స) అన్నారు. ఒక ఘడియ దీనికి, ఒక ఘడియ దానికి అని ముమ్మారు చెప్పి ఊరడించారు. సహీహ్ ముస్లింలో ఈ హదీసు ఉంది. పొలమూ ఇల్లూ చూసుకోవడాన్ని ఆయన తప్పుపట్టలేదన్నది ఇక్కడ గమనించవలసిన సంగతి.

మస్జిదులో రెండు స్తంభాల నడుమ కట్టిన తాడు విషయం బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉంది. నమాజులో అలసట వచ్చినప్పుడు పట్టుకొని నిలబడటానికి హజ్రత్ జైనబ్ (రజి) కట్టుకొన్న తాడు అది. ప్రవక్త (స) దానిని విప్పించారు. ఓపిక ఉన్నంతవరకు నిలబడాలి, అలసితే కూర్చోవాలి అని ఆదేశించారు. ఈ రోజుల్లో ఎందరో తమ మనసుకు కట్టుకొంటున్న తాళ్ళు ఇటువంటివే.

కాబట్టి అలసట వలన వచ్చే మందగింపుకు మందు విశ్రాంతి, మితం. విధులు వదలకుండా, పెంచిన భారాన్ని కొంత దించుకొంటే అది తనంతట తానే పోతుంది. కాని విశ్రాంతితో పోని స్తబ్దత మరొకటి ఉంది. దాని లోతు తెలియాలంటే ఇమామ్ గజాలీ (రహ్మ) జీవితాన్ని చూడాలి.

ఆయన హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్‌లోని తూస్‌లో జన్మించారు. నీషాపూర్‌లో ఇమాముల్ హరమైన్ జువైనీ వద్ద విద్య ముగించారు. హిజ్రీ 484 (క్రీ.శ. 1091)లో సల్జూఖ్ వజీరు నిజాముల్ముల్క్ ఆయనను బగ్దాద్‌లోని నిజామియా మదరసాకు ఆచార్యునిగా నియమించాడు. అప్పటికి ఆయన వయసు ముప్పైనాలుగేళ్ళు. మూడు వందలమంది విద్యార్థులు, ఖలీఫా దర్బారులో గౌరవం, దేశదేశాల నుండి ఫత్వాలు కోరుతూ వచ్చే ప్రశ్నలు. తీరిక వేళల్లో తత్వవేత్తల గ్రంథాలను గురువు సహాయం లేకుండానే చదివి, రెండేళ్ళ లోపల వారి శాస్త్రాన్ని గ్రహించారు. బయటినుండి చూసేవారికి ఆయన ఎదుగుదలకు హద్దే లేదు.

లోపల కథ వేరు. తన విద్యను, ఉద్దేశాన్ని పరీక్షించి చూసుకొంటే, తాను బోధిస్తున్నది అల్లాహ్ ప్రసన్నత కోసం కాదని, పేరుప్రతిష్ఠల కోసమని ఆయనకు తేలింది. ‘అల్‌ముంఖిజ్ మినద్దలాల్’ అనే ఆత్మకథాత్మక గ్రంథంలో ఆయన దీనిని దాపరికం లేకుండా రాసుకొన్నారు. ఉదయం బగ్దాద్ విడిచి వెళ్ళాలని గట్టి సంకల్పం. సాయంత్రానికి పదవి, సౌఖ్యం, జనం ఏమంటారోనన్న చింత కలిసి ఆ సంకల్పాన్ని కూలదోసేవి. ఒక అడుగు ముందుకు, ఒక అడుగు వెనక్కు. హిజ్రీ 488 రజబ్ (క్రీ.శ. 1095 జూలై) నుండి దాదాపు ఆరు నెలలు ఇలాగే గడిచాయి. చివరకు పాఠం చెబుదామంటే నాలుక కదలలేదు. ఆ దుఃఖం వలన ముద్ద దిగలేదు, తిన్నది జీర్ణం కాలేదు. వైద్యులు వచ్చి చూశారు. వ్యాధి హృదయంలో పుట్టి శరీరానికి పాకింది, ఆ దిగులు తీరితే తప్ప చికిత్స లేదని చేతులెత్తేశారు.

ఆయన నిష్క్రమణకు రాజకీయ భయాలే కారణమని కొందరు ఆధునిక పరిశోధకులు ఊహించారు. నిజాముల్ముల్క్ 1092లో హత్యకు గురైన మాట, సల్జూఖ్ వారసుల మధ్య కలహాలు చెలరేగిన మాట నిజమే. ఆ వాతావరణం ఆయనను తాకలేదని ఎవరూ అనలేరు. అయితే కేవలం ప్రాణభయంతో పారిపోయినవాడు తన బోధన వెనుక ఉన్న కీర్తికాంక్షను బట్టబయలు చేసి భావితరాల చేతిలో పెట్టడం నమ్మశక్యం కాదు.

హజ్‌కు వెళుతున్నానని చెప్పి, సిరియా వెళ్ళాలన్న ఉద్దేశాన్ని మనసులో ఉంచుకొని, ఆ ఏడు జుల్ఖఅదా నెలలో ఆయన బగ్దాద్ విడిచారు. పిల్లల పోషణకు, తనకు కావలసినంత మాత్రం ఉంచి మిగిలిన ధనం పంచిపెట్టారు. ఆలుబిడ్డల బాధ్యతను గాలికి వదిలి పోలేదన్నమాట. దమిష్క్‌లో సుమారు రెండేళ్ళు ఉన్నారు. అక్కడి జామె మస్జిదు మినారు ఎక్కి, తలుపు వేసుకొని పగలంతా ఏకాంతంలో గడిపేవారు. అక్కడినుండి జెరూసలేం, అల్‌ఖలీల్, ఆపై హజ్. పిదప బిడ్డల పిలుపు ఆయనను స్వదేశానికి లాక్కొచ్చింది.

ఈ కథ విని, ఇల్లూ ఉద్యోగమూ వదిలితే తప్ప ఎదుగుదల లేదనుకోవడం పొరపాటు. ఇంటికి తిరిగివచ్చిన తరువాత సంసారం, జీవనోపాధి, కాలం తెచ్చే చిక్కులు తన ఏకాగ్రతను చెదరగొట్టేవని, నిర్మలమైన స్థితి అప్పుడప్పుడు మాత్రమే లభించేదని గజాలీ (రహ్మ) స్వయంగా రాశారు. అయినా ఆశ వదలలేదు, ఆటంకాలు తోసివేసినా మళ్ళీ దాని వద్దకే తిరిగివచ్చారు. సుమారు పదేళ్ళు ఇలా నడిచింది. మినారులోని ఏకాంతాన్ని అందరూ గుర్తుంచుకొంటారు. ఈ పదేళ్ళ ఒడిదుడుకులను మరచిపోతారు. గృహస్థులకు పనికివచ్చేది మాత్రం రెండవదే.

ఆ కాలంలోనే రూపొందిన ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ నలభై భాగాల గ్రంథం. మినారు ఎక్కలేని సామాన్యుడు ఏం చేయాలో అందులో ఉంది. ముఖ్యంగా 38వ భాగంలో ఆయన చెప్పిన ఉపమానం కొట్టు నడిపేవారికి సులభంగా అర్థమవుతుంది. బుద్ధి వర్తకుడు, నఫ్స్ అతని భాగస్వామి. (నఫ్స్‌ను తెలుగులో ‘ఆత్మ’ అని అనువదించడం పరిపాటి. కాని ఇక్కడి నఫ్స్ కోరుతుంది, మొండికేస్తుంది, సాకులు చెబుతుంది. ‘మనసు’ అన్న మాటే దీనికి దగ్గర.) వర్తకుడు భాగస్వామికి సొమ్ము అప్పగించే ముందు షరతులు పెడతాడు. పని జరుగుతుండగా కన్నువేసి ఉంచుతాడు. ఆఖరున లెక్క అడుగుతాడు. లోటు తేలితే జరిమానా వేస్తాడు. అలాగే ఉదయం మనసుతో ఒడంబడిక, పగలు కావలి, రాత్రి లెక్క. విధిగా చేయవలసినవి అసలు, నఫిల్‌లు లాభం, పాపాలు నష్టం.

స్తబ్దతతో బాధపడేవారు ఈ లెక్క వేసి చూస్తే తరచు ఒక విచిత్రం బయటపడుతుంది. లాభం కోసం ఆరాటపడుతున్నది అసలుకు చిల్లు పెట్టుకొని! తహజ్జుద్‌లో మాధుర్యం లేదని విచారించే మనిషి చేతిలో అక్కచెల్లెళ్ళ వారసత్వపు వాటా ఉంటుంది. భార్యకు చెల్లించని మహర్ ఉంటుంది. ఏళ్ళ క్రితం తీసుకొని తిరిగి ఇవ్వని బదులు ఉంటుంది. కొడుకు వాటాలో సగం కూతురిదని ఖుర్ఆన్ 4వ సూరా 11వ ఆయతులో నిర్ణయించింది. పుట్టింటి సొమ్ము అడిగితే రాకపోకలు తెగిపోతాయన్న భయంతో ఆడపడుచు నోరు మూసుకొంటే, ఆ మౌనం మాఫీ కాదు. తోటివారికి చేసిన అన్యాయాలను ఒక్కొక్కటిగా లెక్కించి, ఎవరి హక్కు వారికి చేర్చాలని, లేదా వారితో మాఫీ పొందాలని ‘ఇహ్యా’లో తౌబా భాగం చెబుతుంది. ఇక్కడ ఆగిపోయిన ఎదుగుదలను వజీఫాలు పెంచి కదిలించలేరు. రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి కదిలించవలసి ఉంటుంది.

లెక్క అడగడమైతే సరే, లోటు కంటికి కనపడకపోతే? తన తప్పులు తెలుసుకోవడానికి గజాలీ (రహ్మ) నాలుగు దారులు చూపారు: మర్మమెరిగిన గురువు, ముఖస్తుతి చేయని మిత్రుడు, శత్రువు నోరు, జనంతో మెలగడం. గురువు, మిత్రుడు దొరకడం తన కాలంలోనే అరుదైపోయిందని కూడా ఆయన నిట్టూర్చారు. శత్రువుకు ఆ కొరత ఏ కాలంలోనూ లేదు. ముఖం మీద పొగిడే స్నేహితునికంటే తప్పులు వెదికే పగవాడే ఎక్కువ ఉపయోగపడవచ్చునన్నది ఆయన అభిప్రాయం. పగవాడు పెంచి చెప్పినదానిలో నిజం పాలు ఎంతో వేరుచేసే నిబ్బరం మాత్రం కావాలి.

జరిమానా విషయంలో కొంత జాగ్రత్త అవసరం. మనసును శిక్షించడానికి పూర్వులు చేశారంటూ ‘ఇహ్యా’లో ఉటంకించిన వృత్తాంతాలు కొన్ని మరీ అతిగా ఉంటాయి. హంబలీ పండితుడు ఇబ్న్ జౌజీ (రహ్మ) ఇటువంటివాటిని, బలహీన హదీసులను తీసివేసి ‘మిన్హాజుల్ ఖాసిదీన్’ అనే సంగ్రహం తయారుచేయడం ఊరక జరిగినది కాదు. జైనబ్ (రజి) తాడును విప్పించిన హదీసు ముందు ఆ కథలు నిలవవు.

మనసును పెంచే పద్ధతిలో మాత్రం గజాలీ (రహ్మ) దృష్టి చాలా మెత్తనిది. పిల్లవానిని బడికి అలవాటు చేయడానికి మొదట బంతి ఆట ఆశ చూపుతారు. తరువాత మంచి బట్టలు, ఆ పైన పదవి, చివరకు పరలోకం. ఒక దురలవాటును ఒక్కసారిగా వదలలేనివానిని అంతకంటే తేలికైన దాని మీదికి మళ్ళించి, అక్కడినుండి మరింత తేలికైన దానికి దించవచ్చునని ఆయన అంటారు. అందరు రోగులకూ ఒకే మందు ఇచ్చే వైద్యుడు చంపుతాడన్నదీ ఆయన మాటే. మంచి దస్తూరీ కావాలంటే ఆరితేరిన లేఖకుని రాతను చూసి చేయి అరిగేదాకా దిద్దాలి. మొదట అది అనుకరణే, క్రమంగా స్వభావమవుతుంది. కాబట్టి ఇష్టం లేకుండా చేసిన దానం కపటమని ఎవరూ కుంగిపోనవసరం లేదు. అది దిద్దుడు దశ.

ఫిఖహ్ నేర్చే విద్యార్థి సంగతి కూడా ఆయనే చెప్పారు. ఒక రాత్రి పాఠం వల్లె వేసినంత మాత్రాన అతడు ఫఖీహ్ కాడు. ఒక రాత్రి చదవనంత మాత్రాన ఆ అర్హత పోగొట్టుకోడు. ఒక్క రాత్రి ప్రభావం కంటికి కనపడదు. అయితే చదవని రాత్రులు ఒకదాని వెంట ఒకటి చేరితే అతనిలోని విద్యార్థి నిశ్శబ్దంగా చనిపోతాడు. అల్లాహ్‌కు అత్యంత ప్రియమైన ఆచరణ కొద్దిపాటిదైనా నిలకడగా చేసేదేనన్న ప్రసిద్ధ హదీసుకు ఇది చక్కని వివరణ. రోజూ లోటు లేకుండా చదివే అర పుట అర్థసహిత ఖుర్ఆన్, అలసినా మానని రెండు రకాతులు, ఒకే ఒక్క దుర్గుణం మీద ఏడాదిపాటు కావలి. స్తబ్దత నుండి బయటపడదలచినవారికి ఇంతకంటే పెద్ద ప్రణాళిక మొదట్లో పనికిరాదు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) యవ్వనంలో ప్రవక్త (స) ఇవ్వజూపిన సడలింపును కాదని, అంతకంటే ఎక్కువ ఉపవాసాలు తలకెత్తుకొన్నారు. ముసలితనంలో అవి భారమై, ఆ సడలింపు స్వీకరించి ఉంటే బాగుండేదనుకొన్నారు.

హిజ్రీ 499 (క్రీ.శ. 1106)లో పాలకుల ఒత్తిడి మీద గజాలీ (రహ్మ) మళ్ళీ బోధనకు వచ్చారు. ఈసారి నీషాపూర్‌లో. బగ్దాద్ విడిచి పదకొండేళ్ళయింది. పని అదే, ఉద్దేశం అది కాదు. పూర్వం తాను హోదా సంపాదించిపెట్టే విద్య నేర్పేవాడినని, ఇప్పుడు హోదాను వదిలించే విద్య నేర్పుతున్నానని ఆయన భావం. ఈ మాటను లోకం ఊరకే నమ్మలేదు. నీషాపూర్ వాసి, ఆయన సమకాలికుడు అబ్దుల్ గాఫిర్ ఫార్సీ మొదట దీనిని వేషమనే అనుకొన్నాడు. పూర్వం గజాలీలో ఉండిన కరకుదనాన్ని, సాటివారిని చులకనగా చూసే అహంకారాన్ని ఎరిగినవాడు అతను. అనేకసార్లు వెళ్ళి కలిసి, పరీక్షించి చూసి, తన అనుమానమే తప్పని, మనిషి నిజంగానే మారాడని రాసిపెట్టాడు.

చివరి రోజులు తూస్‌లో గడిచాయి. ఇంటి పక్కనే విద్యార్థులకు ఒక మదరసా, సూఫీలకు ఒక ఖాన్‌ఖాహ్ ఏర్పాటు చేసుకొని, పారాయణానికి, సత్సాంగత్యానికి, పాఠానికి వేళలు పంచుకొన్నారు. హదీసు శాస్త్రంలో తన పట్టు తక్కువన్నది ఆయనకు తెలుసు. అబ్దుల్ గాఫిర్ కథనం ప్రకారం, ఒకప్పుడు మూడు వందలమందికి పాఠం చెప్పిన ఆ ఇమాము, హిజ్రీ 505 (క్రీ.శ. 1111)లో మరణించడానికి ముందరి కాలంలో హదీసువేత్తల ఎదుట కూర్చుని బుఖారీ, ముస్లిం గ్రంథాల అధ్యయనంలో ఉన్నారు.