కొత్త నవలలు చదివే పిల్లలు, రచయితను కలిసే దారి

మొన్నటి తల్లిదండ్రుల సమావేశంలో ఒక తల్లి లేచి అడిగారు. "సార్, మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఎప్పుడు చూసినా చేతిలో నవలే. ఇప్పుడేమో అది రాసినాయన్ని చూడాలంటోంది. వచ్చే ఏడు పబ్లిక్ పరీక్ష. మీరైనా చెప్పండి" అన్నారు. ఆ రోజు టైము చాలలేదు. ఇలాంటి పిల్లలు ఇంకో ఇద్దరు ముగ్గురు ఇళ్ళలోనూ ఉన్నారని తర్వాత తెలిసింది. అందుకే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. పిల్లలూ, మీరు కూడా చదవండి.

ముందు మార్కుల సంగతి. మన పిల్లలు తమిళం, ఇంగ్లీషు, తెలుగు అని మూడు లిపులతో రోజూ కుస్తీ పడుతున్నారు. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక తమిళం అందరికీ తప్పనిసరి. ఈ నేల మీద బతుకుతున్నాం, నేర్చుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బడి గేటు దాటాక మన పిల్లలకు తెలుగు అక్షరం ఎక్కడ కనిపిస్తుందో ఒకసారి ఆలోచించండి. బస్సు బోర్డు తమిళం. అంగడి బోర్డు తమిళం, ఇంగ్లీషు. ఫోన్‌లో అంతా ఇంగ్లీషు. తెలుగంటే పాఠ్యపుస్తకం, పరీక్ష పేపరు, అంతే. ఆ పుస్తకంలో పాఠం నాలుగైదు పేజీలకు అయిపోతుంది. నవల అలా కాదు. నూట యాభై, రెండు వందల పేజీలు. పదో పేజీలో గడపలో నిలబడి ఒక మాట అనేసి పోయిన మనిషి నూరో పేజీలో మళ్ళీ వస్తే, ఎవరో గుర్తుపట్టాలి. ఆ ఓపిక ఉన్న పిల్లకు రెండు పేజీల సాంఘిక శాస్త్రం పాఠం బరువనిపించదు. ‘సొంత మాటల్లో రాయండి’ అన్న ప్రశ్నకు గైడు వెతుక్కోదు. అయితే రాత్రి పదకొండు దాకా నవల చదివి, పొద్దున లెక్కల పీరియడ్‌లో కునికిపాట్లు పడితే మాత్రం నేను అమ్మ పక్షమే. తొమ్మిదిన్నరకు పుస్తకం మూసేయాలి.

ఇంకొక లాభం ఉంది, నాకైతే అదే పెద్దది. మన హోసూరు వైపు ఇళ్ళలో ఎనుము అంటాం, చెనక్కాయలు అంటాం, సంగటి తింటాం. పాఠంలో గేదె, వేరుశనగ. పరీక్షలో పాఠంలో ఉన్నట్టే రాయాలి, అది వేరే సంగతి. కానీ ఏళ్ళ తరబడి ఇదే చూసిన పిల్లలకు లోపల ఒక అనుమానం స్థిరపడిపోతుంది: మా ఇంట్లో మాట్లాడేది సరైన తెలుగు కాదేమో, అవ్వ మాట్లాడేది అసలే కాదేమో అని. ఆ అనుమానం పోవాలంటే టీచరు ఎంత చెప్పినా చాలదు. అచ్చులో కనిపించాలి. స.వెం. రమేశ్ ‘ప్రళయ కావేరి కథలు’ పులికాట్ సరస్సు చుట్టుపక్కల మనుషుల మాటలోనే సాగుతుంది. అవి కథలు, నవల కాదు, అయినా మన పిల్లలు ముందు చదవాల్సిన పుస్తకాల్లో అదొకటి. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి నవల ‘కొండపొలం’ కడప సీమ మాటతో నడుస్తుంది. ఉద్యోగం దొరక్క అధైర్యపడిన కుర్రవాడు కరువు కాలంలో గొర్రెల మందతో నల్లమల అడవిలోకి వెళ్తాడు. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది, 2021లో సినిమాగా వచ్చింది. సినిమా చూశాం కదా, ఇంక చదవడమెందుకు అనకండి. అడవిలో రాత్రి ఎలా ఉంటుందో పుస్తకంలో చదవడం వేరు.

ఇప్పుడు కొత్త నవలలు మన చేతికి ఎలా వస్తాయో చెప్తాను. ఇది తెలిస్తే రచయితను కలవడం ఎందుకు కష్టం కాదో కూడా అర్థమవుతుంది. ఒకప్పుడు నవల పత్రికల్లో వారం వారం సీరియల్‌గా వచ్చి, ఆ తర్వాత పుస్తకమయ్యేది. పిల్లలకైతే చందమామ. అది 1947 జులైలో మన మద్రాసులోనే, తెలుగులోనూ తమిళంలోనూ పుట్టింది. దాసరి సుబ్రహ్మణ్యం రాసిన ‘తోకచుక్క’ లాంటి సీరియళ్ళ కోసం మీ తాతలు నెల నెలా ఎదురు చూసినవాళ్ళే, అడగండి. ఇప్పుడు చందమామ లేదు, పత్రికల్లో సీరియళ్ళకు చోటు బాగా తగ్గింది. చాలా నవలలు నేరుగా పుస్తకంగానే వస్తున్నాయి. ఒక్కో ముద్రణ ఐదు వందల ప్రతులో, వెయ్యో. అవి అయిపోతే మళ్ళీ ఎప్పుడు వేస్తారో చెప్పలేం. కాబట్టి కొత్త పుస్తకం వచ్చిన ఏడే కొనడం మేలు.

ముద్రణ చిన్నది కావడంలో మనకొక సౌకర్యమూ ఉంది. తెలుగు పుస్తకం తెరిచి, పేరున్న పేజీ వెనక చూడండి. ధర పక్కనో కిందనో ‘ప్రతులకు’ అని ఉంటుంది. చాలాసార్లు అక్కడ రచయిత చిరునామా, ఫోన్ నంబరే ఉంటాయి. పుస్తకాలు ఇంట్లో పెట్టుకుని తనే పోస్టులో పంపుతారన్నమాట. వేరే రాష్ట్రంలో ఒక బడిపిల్ల తన నవల పూర్తిగా చదివి ఉత్తరం రాస్తే ఆ మనిషికి అది మామూలు సంగతి కాదు. జవాబు వచ్చే అవకాశం బాగానే ఉంటుంది.

ఒక్క హెచ్చరిక. ఫోన్ పిల్లలు చేయకూడదు. అమ్మో, నాన్నో, లేదా మన తెలుగు టీచరో చేసి, ఎప్పుడు మాట్లాడితే వీలుగా ఉంటుందో అడగాలి. తర్వాత పెద్దవాళ్ళ ఎదుటే పిల్లలు మాట్లాడవచ్చు. నేరుగా కలిసేటప్పుడూ అంతే, పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. ఎంత పేరున్న రచయితైనా సరే.

కలిసే చోటు అంటే పుస్తకాల పండుగలే. హైదరాబాద్‌లో డిసెంబరులో, విజయవాడలో జనవరి మొదట్లో జరుగుతాయి. మన అర్ధ సంవత్సర సెలవులకు హైదరాబాద్ కుదురుతుంది. విజయవాడ పండుగ నడిచే రోజుల్లో చాలావరకు మన బడి ఉంటుంది. చెన్నైలో జనవరిలో పెద్ద పుస్తక ప్రదర్శనే ఉంది గానీ, అక్కడ తమిళ పుస్తకాలే ఎక్కువ.

పిల్లలూ, వెళ్ళేముందు పుస్తకం చివరిదాకా చదవండి. అట్ట మీద సంతకం పెట్టించుకుని ఫోటో దిగి వచ్చేస్తే సినిమా నటుణ్ణి చూసి వచ్చినట్టే. "ఈ ఆలోచన మీకెలా వచ్చింది?" అని అడగకండి. ఆ ప్రశ్నకు వాళ్ళు ఇప్పటికే చాలామందికి జవాబు చెప్పి ఉంటారు. ఒక పేజీ తెరిచి అడగండి. ఇక్కడ ఈ మనిషి ఎందుకు మాట్లాడకుండా వెళ్ళిపోయాడు? ఈ మాటకు మీ ఊళ్ళో అర్థమేమిటి, మా ఇంట్లో దీన్ని ఇలా అంటాం, రెండూ ఒకటేనా? ఎక్కడ విసుగొచ్చిందో కూడా మర్యాదగా చెప్పొచ్చు. మంచి రచయిత కోప్పడడు, ఏ పేజీ దగ్గర అని అడుగుతాడు.

రచయిత అంటే పాఠం మొదట్లో ఉండే ఫోటో, పుట్టిన ఏడు, పోయిన ఏడు అని మీరు అనుకుంటారు. సాహిత్య అకాడెమీ యువ పురస్కారం ముప్పై ఐదేళ్ళు దాటని వాళ్ళకే ఇస్తారు. 2025లో తెలుగుకు అది ప్రసాద్ సూరి నవల ‘మైరావణ’కు వచ్చింది. మీ పెద్దన్న వయసు వాళ్ళు నవలలు రాస్తున్నారన్నమాట.

తల్లిదండ్రులకు ఇంకొక మాట. బహుమతి వచ్చిందని ప్రతి నవలా పిల్లలకు ఇవ్వకండి. బండి నారాయణస్వామి ‘శప్తభూమి’కి 2019లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. గొప్ప నవల. కానీ అందులోని హింస, కష్టాలు తట్టుకోవడానికి కొంత వయసు రావాలి. ప్లస్ టూ అయ్యాక చదవనివ్వండి. ఆరు నుంచి ఎనిమిది దాకా పిల్లలకు సికింద్రాబాద్ ‘మంచి పుస్తకం’ వాళ్ళు వేసే పుస్తకాలు సరిపోతాయి. అనుమానం ఉంటే మీరే ముందు ఒక ఇరవై పేజీలు చదవండి. ఇంట్లో ఇద్దరు చదివితే భోజనాల దగ్గర మాట్లాడుకోవడానికి సీరియల్ కాకుండా ఇంకొకటి దొరుకుతుంది.

శుక్రవారం చివరి పీరియడ్‌లో లైబ్రరీ బీరువా తెరిచి ఉంటుంది. ఒక్కొక్కరికి ఒక పుస్తకం, రెండు వారాలు. రచయితకు ఉత్తరం రాయాలనుకునేవాళ్ళు రెండు పేజీలకు మించకుండా రాసి తెలుగు టీచరుకు ఇవ్వండి, అక్షర దోషాలు మాత్రమే దిద్దుతారు, మాట మార్చరు. పోస్టు ఖర్చు బడిదే. సెలవుల్లో హైదరాబాద్ వెళ్ళే కుటుంబాలు నవంబరు నెలాఖరులోగా ఆఫీసులో చెప్తే, మిగతా పిల్లలు తమ ప్రశ్నలు, పుస్తకాల జాబితా మీతో పంపుతారు.