కుళాయి నీటి వెనుక ఏడవ తరగతి పాఠము

ఇటీవల ఒక గ్రామసభలో రెండు గంటలసేపు వాదము జరిగినది. ఊరి చివరి వీధికి కుళాయి నీరు చేరుటలేదు. ట్యాంకు చిన్నదగుటయే కారణమనియు, రెండింతల వెడల్పుగల ట్యాంకు కట్టవలెననియు తీర్మానము వ్రాయబోవుచుండగా, వెనుక నిలిచిన ఒక విద్యార్థి "వెడల్పు పెరిగినంతమాత్రాన నీటి ఒత్తిడి పెరగదు గదండీ" అనెను. పెద్దలు నవ్విరి. మేము మాత్రము నవ్వలేకపోతిమి. మనమందరమును చదివి, పరీక్ష వ్రాసి, మరచిపోయిన పాఠమునే ఆ బాలుడు చెప్పినాడు.

రాజ్యాంగపు 73వ సవరణ 1993వ సంవత్సరమున అమలులోనికి వచ్చినది. పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో త్రాగునీరు ఒకటి. కావున ఆ పాఠమును సభ్యులు మరల ఒకసారి తిరగవేయుట అవసరము.

ద్రవము కలిగించు ఒత్తిడి దాని ఎత్తును బట్టి యుండునుగాని, పాత్ర వెడల్పును బట్టి యుండదు. నీరు 10 మీటర్ల ఎత్తున నిలిచినచో అడుగున చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము ఒత్తిడి కలుగును. ట్యాంకులోని నీటిమట్టము 12 మీటర్లయినచో దిగువ కుళాయివద్ద 1.2 కిలోగ్రాములు. అయితే చివరి వీధి 5 మీటర్లు మెరకన ఉన్నచో అందులో అరకిలో తగ్గును. ఇది నీరు కదలనప్పటి లెక్క. నీరు పారునపుడు గొట్టపు గోడల రాపిడివలన ఒత్తిడి మరికొంత క్షీణించును. గొట్టము సన్నమై పొడవైనకొలది ఈ నష్టము హెచ్చు. చివరి వీధికి కావలసినది పెద్ద ట్యాంకు కాకపోవచ్చును. లావు గొట్టమో, వేళలవారీగా వీధులకు నీరు వదలుటయో చాలవచ్చును. ఆ గ్రామమున తీర్మానము వాయిదా పడినది.

ఇక కుళాయికి నేరుగా మోటారు బిగించుట. దీనిని పొరుగువారి నీటిని లాగుకొనుటగా మాత్రమే మనము తలంచుచున్నాము. అంతకంటె గొప్ప కీడు మరియొకటి కలదు. మోటారు లాగునపుడు గొట్టములోని ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికంటె తగ్గవచ్చును. నీరు కట్టివేసిన తరువాత, గొట్టములోని నీరు పల్లమునకు జారినపుడును ఇదే జరుగును. ఆ సమయమున మురుగుకాలువ ప్రక్కన పగులు ఉన్నచో, లోపలి నీరు బయటకు కారుటకు మారుగా బయటి మురుగే లోనికి ప్రవేశించును. మరునాడు తొలి బిందెలో వచ్చునది అదియే. వాంతులు, విరేచనములు ఒకే వీధిలో పలువురకు కలిగినపుడు ఆ వీధి గొట్టమును త్రవ్వి చూడవలెనని మేము చెప్పుట అందుకే.

గాలికి బరువు కలదని ఇటలీ దేశస్థుడు టోరిసెల్లి 1643-44 సంవత్సరములలో పాదరసముతో నిరూపించెను. గాలి ఒత్తిడి 76 సెంటీమీటర్ల పాదరసమును నిలుపును. పాదరసము నీటికంటె 13.6 రెట్లు బరువు. కావున నీటినైనచో సుమారు 10.3 మీటర్లు నిలుపగలదు. పైనుండి పీల్చు పంపు ఎంత శక్తిగలదైనను అంతకు మించి నీటిని ఎత్తలేదు. ఆచరణలో 7, 8 మీటర్లే గగనము. నీటిమట్టము లోతునకు పోయిన బావిగట్టుపై మరింత పెద్ద మోటారు పెట్టుట ధనవ్యయమే. పంపు నీటి దరికి దిగవలెను. లోతు బోరింగులో సిలిండరు అడుగున ఉండుటకు కారణమిదియే.

తేటనీరెల్ల మంచినీరు కాదు. తేలియాడు మట్టిని తేర్చవచ్చును, వడపోయవచ్చును. కంటికి కనబడని సూక్ష్మజీవులను క్లోరిన్ చంపును. నీటిలో కరిగిన ఫ్లోరైడు మాత్రము వీనికి లొంగదు. కాచినచో నీరు ఆవిరియై పోవును, ఫ్లోరైడు మిగులును. మిగిలిన నీటిలో దాని గాఢత కొంచెము హెచ్చునే కాని తగ్గదు. నాటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో 1937 నాటికే ఈ వ్యాధిని వైద్యులు వెల్లడించిరి. పటిక, సున్నములతో ఫ్లోరైడును తగ్గించు పద్ధతికి నల్లగొండ పేరే పెట్టబడినది. లీటరునకు ఒక మిల్లీగ్రామునకు మించరాదనుట భారతీయ ప్రమాణము. వేరు ఆధారము లేనిచోట 1.5 వరకు సహింపవచ్చును.

బ్లీచింగ్ పౌడరు చేతికి వచ్చినంత చల్లుట ఆచారమైనది. లెక్క సులభము. బావి అడ్డుకొలత 3 మీటర్లు, నీటి లోతు 4 మీటర్లు అనుకొందము. ఒకటిన్నరను ఒకటిన్నరతో, దానిని 22/7తో, పిమ్మట 4తో హెచ్చింపగా 28 ఘనమీటర్లు, అనగా 28,000 లీటర్లు వచ్చును. వేయి లీటర్లకు మంచి పౌడరు 2.5 గ్రాములు చొప్పున 70 గ్రాములు చాలును. నీరు మురికిగా ఉన్నచో క్లోరిన్ ఆ మురికికే ఖర్చగును గనుక మరికొంత కావలెను. బకెట్టులో కలిపి, సున్నము అడుగునకు దిగిన పిదప పైతేటను మాత్రమే బావిలో పోయవలెను. గంటవరకు ఎవరును తోడరాదు. మూత తెరచి యుంచిన సంచిలోని పౌడరు నెలలు గడచినకొలది సారము కోల్పోవును. ఘాటైన వాసన లేని పౌడరు సున్నముతో సమానము.

కుళాయి నీటిలో లీటరునకు 0.2 మిల్లీగ్రాములైనను క్లోరిన్ మిగిలియుండవలెను. దీనిని రంగుపరీక్షతో తెలిసికొనవచ్చును. అయితే పరీక్షను ట్యాంకు క్రింద చేసి సంతృప్తిపడుట సరికాదు; అచ్చట రంగు తప్పక వచ్చును. చివరి వీధిలోని చివరి ఇంటి కుళాయివద్ద చేయవలెను. ట్యాంకువద్ద వచ్చిన రంగు అచ్చట రానిచో, ఆ నడుమ ఎచ్చటనో గొట్టము పగిలినదేమోయని ముందుగా వెదకవలెను.