నాన్నలున్న వీధి

2021 సెప్టెంబరు. అమెరికాలోని లూసియానా రాష్ట్రం, ష్రీవ్‌పోర్ట్ నగరం. అక్కడి సౌత్‌వుడ్ హైస్కూల్లో మూడంటే మూడు రోజుల్లో 23 మంది విద్యార్థుల్ని పోలీసులు అరెస్టు చేశారు. కారణం... పిల్లలు ముఠాలుగా విడిపోయి కొట్టుకోవడం. మామూలుగా అయితే తర్వాత ఏం జరుగుతుంది? గేటు దగ్గర మరికొందరు పోలీసులు, కారిడార్లలో మరికొన్ని కెమెరాలు, ఇంకొందరికి సస్పెన్షన్లు. కానీ ఈసారి వేరే జరిగింది. ఆ పిల్లల నాన్నలు కొందరు ఒకచోట కూర్చుని మాట్లాడుకున్నారు. దాదాపు 40 మంది నల్లజాతి తండ్రులు వంతులు వేసుకుని బడికి రావడం మొదలుపెట్టారు. ‘డాడ్స్ ఆన్ డ్యూటీ’ అని రాసున్న టీషర్టులు వేసుకుని ఉదయాన్నే గేటు దగ్గర నిలబడి పిల్లల్ని పలకరించడం, నవ్వురాని జోకులు వేసి నవ్వించడం, ఎవరైనా దూకుడు చూపిస్తే ఓసారి కళ్లతోనే ‘ఏంటది?’ అని అడగడం... అదే వాళ్ల పని. చేతిలో కర్ర లేదు, ఒంటిమీద యూనిఫాం లేదు. కొన్ని వారాల తర్వాత విలేకరులు వెళ్లి చూస్తే గొడవలు ఆగిపోయాయి.

వినడానికి చిన్న విషయం. కానీ ఓ నల్లజాతి తండ్రి తన కొడుకు చదువుకునే బడి గుమ్మంలో తలెత్తుకుని నిలబడటం వెనక మూడున్నర శతాబ్దాల కథ ఉంది.

తండ్రితో పనిలేని చట్టం

అమెరికాలో బానిసత్వం నడిచిన రోజుల్లో నల్లజాతి తండ్రికి చట్టం దృష్టిలో ఉనికే లేదు. 1662లో వర్జీనియా ఓ చట్టం చేసింది. పుట్టిన బిడ్డ స్వతంత్రుడా, బానిసా అన్నది తల్లిని బట్టే తేలుతుందని దాని సారాంశం. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే. తండ్రి ఎవరన్నది అనవసరం. బానిసల పెళ్లిళ్లకు చట్టబద్ధత లేదు. యజమానికి డబ్బు అవసరమైతే భర్తను ఒకచోట, కొడుకును మరోచోట అమ్మేయొచ్చు.

అక్షరం మీదా కాపలానే! బానిసలకు రాయడం నేర్పితే 100 పౌండ్ల జరిమానా అని 1740లోనే దక్షిణ కరోలినా శాసించింది. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ నాయకత్వంలో బానిసలు తిరగబడ్డాక ఆంక్షలు ఇంకా బిగిశాయి.

ఈ రెండు గోడల మధ్య పెరిగినవాడే ఫ్రెడరిక్ డగ్లస్. 1818 ప్రాంతంలో మేరీలాండ్‌లో పుట్టాడు. కచ్చితమైన తేదీ అతడికే తెలియదు. పసితనంలోనే తల్లి నుంచి వేరుచేశారు. తండ్రి ఎవరో తెల్ల యజమాని అని చుట్టుపక్కల చెప్పుకునేవారు, అంతే. బాల్టిమోర్‌లో యజమాని భార్య ముచ్చటపడి నాలుగు అక్షరాలు నేర్పింది. అది తెలిసి ఆమె భర్త మండిపడ్డాడు. చదువు వస్తే వీడు బానిసగా పనికిరాడని ఆపించేశాడు. ఆ మాటలోనే స్వేచ్ఛకు దారి దొరికింది డగ్లస్‌కి. దేనికి వాళ్లు అంతగా భయపడుతున్నారో దాన్నే పట్టుకోవాలనుకున్నాడు. వీధిలో ఆడుకునే పేద తెల్లపిల్లలకు రొట్టెముక్కలు ఇచ్చి బదులుగా పాఠాలు చెప్పించుకున్నాడు. 1838లో పారిపోయి స్వేచ్ఛ పొందాడు. 1845లో ఆత్మకథ రాశాడు.

1865లో బానిసత్వం రద్దయ్యాక రెండు దృశ్యాలు దక్షిణాది అంతటా కనిపించాయి. ఒకటి... తాతలూ మనవలూ ఒకే తరగతిలో కూర్చుని అక్షరాలు దిద్దుకోవడం. రెండోది... ఎప్పుడో అమ్ముడుపోయిన భార్య కోసం, బిడ్డల కోసం పత్రికల్లో ప్రకటనలు వేయించడం. ‘నల్లజాతి మగవాడికి కుటుంబం పట్టదు’ అని తేలిగ్గా మాట్లాడేవాళ్లు ఒక్కసారి చదవాల్సిన ప్రకటనలవి.

‘బాయ్’ కాదు... మనిషి!

స్వేచ్ఛ అయితే వచ్చింది. గౌరవం రాలేదు. దక్షిణాదిలో అరవై ఏళ్ల నల్లజాతి పెద్దాయన్నయినా తెల్లవాళ్లు ‘బాయ్’ అనే పిలిచేవారు. మన దగ్గర తాతవయసు మనిషిని పట్టుకుని ‘ఒరేయ్’ అన్నట్లు. పొరపాటున కూడా ‘మిస్టర్’ అనేవారు కాదు. కొడుకు పక్కన ఉండగా తండ్రిని అలా పిలిస్తే ఆ పసివాడి మనసు ఎంత చివుక్కుమంటుందో చెప్పక్కర్లేదు.

బెంజమిన్ మేస్‌కు జీవితంలో గుర్తున్న మొట్టమొదటి సంఘటన అలాంటిదే. 1894లో దక్షిణ కరోలినాలో, ఒకప్పటి బానిస దంపతుల ఇంట్లో ఎనిమిదో సంతానంగా పుట్టారాయన. నాలుగేళ్ల వయసులో, 1898లో, ఆ ప్రాంతంలో నల్లజాతీయులపై దాడులు జరిగాయి. గుర్రాల మీద తుపాకులతో వచ్చిన గుంపు ఆయన తండ్రిని ఆపి, టోపీ తీయించి, మళ్లీ మళ్లీ వంగి దండాలు పెట్టించింది. పిల్లవాడు చూస్తూ నిలబడ్డాడు.

ఆ తండ్రికి చదువు మీద నమ్మకం లేదు. పొలంలో పత్తి పని ఉండగా బడేమిటన్నది ఆయన వాదన. ఏడాదికి నాలుగు నెలలే బడి. అయినా కొడుకు పట్టు వదల్లేదు. తండ్రిని ఎదిరించి హైస్కూలు పూర్తిచేసేసరికి ఇరవై ఒకటి దాటాయి. ఆ తర్వాత షికాగో విశ్వవిద్యాలయం నుంచి పీహెచ్‌డీ కూడా అందుకున్నారు.

ఈ కథలో మన దేశానికీ చోటుంది. 1936-37 శీతాకాలంలో మేస్ భారతదేశం వచ్చారు. గాంధీజీని కలిసి అహింస గురించి మాట్లాడారు. మైసూరులో, అప్పట్లో అంటరానివారిగా వెలివేసిన కులాల పిల్లల బడికి వెళ్లినప్పుడు అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఆయన్ని ‘మీలాంటి అంటరానివాడే’ అన్న అర్థంలో పరిచయం చేశారు. మేస్ ముందు ఉలిక్కిపడ్డారు. నొచ్చుకున్నారు. తర్వాత ఆలోచిస్తే నిజమే కదా అనిపించింది. సొంతదేశంలో ఆయన కూర్చోకూడని హోటళ్లు, ఎక్కకూడని రైలుపెట్టెలు ఎన్నో!

1940లో ఆయన అట్లాంటాలోని మోర్‌హౌస్ కాలేజీకి అధ్యక్షుడయ్యారు. నల్లజాతి అబ్బాయిల కోసం 1867లో మొదలైన కాలేజీ అది. ప్రతి మంగళవారం ఉదయం విద్యార్థులందరినీ కూర్చోబెట్టి మాట్లాడేవారు. 1944లో ఆ గుంపులో ఓ పదిహేనేళ్ల కుర్రాడు వచ్చి చేరాడు. పేరు మార్టిన్ లూథర్ కింగ్.

కింగ్ ఇంట్లోనూ ఓ గొప్ప తండ్రి ఉన్నాడు. ఇరవై ఏళ్లు వచ్చాక అయిదో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చుని చదువుకున్నాడాయన. 1930లో అదే మోర్‌హౌస్ పట్టా అందుకున్నాడు. ఓసారి కొడుకుతో కారులో వెళ్తుంటే పోలీసు ఆపి ‘బాయ్’ అన్నాడు. ఆయన పక్కనున్న కొడుకును చూపించి, బాయ్ అంటే వీడు, నేను మగాణ్ని, అలా పిలిచేదాకా నీ మాట వినను అన్నాడు. ఆ రోజు నోరెళ్లబెట్టిన పోలీసును కొడుకు జీవితాంతం మరచిపోలేదు. 1968లో కింగ్ హత్యకు గురైనప్పుడు మోర్‌హౌస్ ఆవరణలో అంతిమ ప్రసంగం చేసింది మేసే. తండ్రిలాంటి గురువు శిష్యుడికి వీడ్కోలు చెప్పాల్సి వచ్చింది.

కేసు గెలిచారు... టీచర్లు పోయారు

1950లో కాన్సస్ రాష్ట్రం టొపీకాలో ఆలివర్ బ్రౌన్ అనే వెల్డర్ తన కూతుర్ని ఇంటి దగ్గరి బడిలో చేర్పించబోయాడు. అది తెల్లవాళ్ల బడి, కుదరదన్నారు. ఆ పాపకేమో రైలు పట్టాలు దాటి, బస్సెక్కి దూరపు బడికి వెళ్లాలి. తండ్రి కోర్టుకెక్కాడు. 1954 మే 17న సుప్రీంకోర్టు తొమ్మిది మంది న్యాయమూర్తులూ ఏకమై జాతుల వారీ బడులు చెల్లవన్నారు. ‘బ్రౌన్’ తీర్పుగా అది చరిత్రకెక్కింది.

కానీ ఎవరూ ఊహించని దెబ్బ ఒకటి తగిలింది. రెండు బడులు కలిపేటప్పుడు మూతపడింది చాలాచోట్ల నల్లజాతి బడే. దక్షిణాదిలో వేలమంది నల్లజాతి టీచర్లు, హెడ్మాస్టర్లు ఉద్యోగాలు కోల్పోయారు. ఆ ఖాళీ ఇప్పటికీ పూడలేదు. అమెరికా ప్రభుత్వ బడుల్లో నల్లజాతి మగ టీచర్లు నూటికి ఇద్దరు కూడా లేరు. ఒక్క మాస్టారైనా తనలా కనిపించకుండానే చదువు ముగించే అబ్బాయిలు ఎందరో.

నాలుగేళ్లకే ముద్ర

2011-12 గణాంకాలు చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికా ప్రభుత్వ నర్సరీ బడుల పిల్లల్లో నల్లజాతి పిల్లలు 18 శాతం. ఒకటికన్నా ఎక్కువసార్లు సస్పెండైన వాళ్లలో మాత్రం 48 శాతం! మూడు, నాలుగేళ్ల పిల్లల సంగతిది. 2016లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఓ పరీక్ష పెట్టారు. నర్సరీ టీచర్లకు నలుగురు పిల్లలు ఆడుకుంటున్న వీడియో చూపించి, అల్లరి ఎక్కడ మొదలవుతుందో కనిపెట్టమన్నారు. నిజానికి అందులో అల్లరే లేదు. కానీ టీచర్ల చూపులు ఎక్కువసేపు నల్లజాతి అబ్బాయి మీదే నిలిచాయి. తప్పు చేయకముందే కాపలా అన్నమాట!

అందుకే అక్కడి నల్లజాతి ఇళ్లలో ప్రతి తండ్రీ కొడుక్కి ఓ పాఠం చెప్పాల్సి వస్తుంది. పోలీసు ఆపితే చేతులు కనిపించేలా పెట్టు, గబుక్కున కదలకు, ఎదురు మాట్లాడకు అని. 2014లో క్లీవ్‌లాండ్‌లో బొమ్మ తుపాకీతో ఆడుకుంటూ పోలీసు కాల్పులకు బలైన టమీర్ రైస్‌కు పన్నెండేళ్లు. తలెత్తుకుని బతకమని చెప్పాల్సిన నాన్నే, కొన్నిసార్లు తల దించమనీ చెప్పాలి. అంతకన్నా కష్టమైన పెంపకం ఏముంటుంది?

ఇంతకీ నాన్న ఏమయ్యాడు?

1965లో డేనియల్ మొయినిహాన్ అనే ప్రభుత్వాధికారి ఓ నివేదిక రాశారు. నల్లజాతి కుటుంబం కూలిపోతోందని, పెళ్లి కాకుండా పుట్టే పిల్లలు దాదాపు నాలుగో వంతున్నారని చెప్పారు. ఆ లెక్క ఇప్పుడు 70 శాతం దగ్గర ఉంది. అప్పట్నుంచి ‘తండ్రి లేని ఇల్లు’ అన్న ముద్ర పడిపోయింది.

నాన్న ఇంట్లో లేకపోవడంలో ప్రభుత్వానిదీ వాటా ఉంది. ఇంట్లో మగమనిషి ఉంటే పేద తల్లికి సాయం ఆపేసే నిబంధన చాలా రాష్ట్రాల్లో ఉండేది. 1968లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1986లో మరో చట్టం వచ్చింది. అయిదు గ్రాముల క్రాక్ కొకైన్ అమ్మితే కనీసం అయిదేళ్ల జైలు. అదే పొడి కొకైన్ అయితే 500 గ్రాములకు ఆ శిక్ష! క్రాక్ కేసుల్లో దొరికింది ఎక్కువగా నల్లజాతివాళ్లు. 2010లో ఆ తేడాను తగ్గించారు కానీ, అప్పటికే ఎందరో పిల్లలు నాన్నను జైలు అద్దం వెనక చూస్తూ పెరిగారు.

మరి బయట ఉన్న నాన్నల సంగతి? 2013లో అమెరికా ఆరోగ్య గణాంకాల కేంద్రం ఓ సర్వే ఫలితాలు వెల్లడించింది. అయిదేళ్లలోపు పిల్లలతో కలిసి ఉంటున్న తండ్రుల్లో రోజూ స్నానం చేయించడం, బట్టలు తొడగడం, డైపర్లు మార్చడం లాంటి పనులు చేస్తున్నది నల్లజాతీయుల్లో 70 శాతం. తెల్లవారిలో 60 శాతం. పెళ్లి లెక్కకూ ప్రేమ లెక్కకూ పొంతన ఉండాల్సిన పనిలేదని దీన్నిబట్టి తెలుస్తోంది.

పక్కింటి నాన్న కూడా...

2018లో రాజ్ చెట్టి, మరికొందరు ఆర్థికవేత్తలు దాదాపు రెండు కోట్ల మంది పిల్లల జీవితాల్ని పరిశీలించి ఓ అధ్యయనం విడుదల చేశారు. చేదు నిజం ఏమిటంటే... డబ్బున్న ఇళ్లలో పుట్టినా నల్లజాతి అబ్బాయిలు పెద్దయ్యాక తెల్ల అబ్బాయిలకన్నా తక్కువే సంపాదిస్తున్నారు. దేశంలో దాదాపు ప్రతి పేటలోనూ ఇదే పరిస్థితి. అంటే నాన్న ఇంట్లో ఉంటే చాలు, అన్నీ చక్కబడతాయనుకోవడానికి లేదు.

కానీ కొన్ని పేటల్లో ఆ తేడా తక్కువగా ఉంది. అక్కడ పేదరికం తక్కువ, తెల్లవాళ్లలో వివక్ష తక్కువ. ఇంకోటి... ఆ పేటలో నల్లజాతి తండ్రులు ఎక్కువ. తన ఇంట్లో తండ్రి లేని అబ్బాయికి కూడా పక్కిళ్లలో నాన్నలుంటే మేలు జరుగుతోంది! అయితే అలాంటి మంచి పేటల్లో పెరిగే అదృష్టం నల్లజాతి పిల్లల్లో నూటికి అయిదుగురికి కూడా లేదు. తెల్లపిల్లల్లో అరవై మందికి పైగా ఉంది.

వీధి మారకపోతే బడికైనా ఆ మనిషిని తేవచ్చు కదా? 2000లో దక్షిణ కరోలినాలో కొందరు అదే ఆలోచించారు. అప్పటికి ఆ రాష్ట్ర ప్రాథమిక బడుల్లో 20 వేలమందికి పైగా టీచర్లుంటే నల్లజాతి మగవాళ్లు 200 మంది కూడా లేరు. క్లెమ్సన్ విశ్వవిద్యాలయం, మూడు నల్లజాతి కాలేజీలతో కలిసి ‘కాల్ మీ మిస్టర్’ అనే పథకం మొదలుపెట్టింది. కుర్రాళ్లకు ఫీజుల్లో సాయం చేసి, శిక్షణ ఇచ్చి, చిన్నపిల్లల తరగతులకు టీచర్లుగా పంపుతుంది. బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన జాన్ కాల్హౌన్ ఒకప్పటి తోట మీదే ఆ విశ్వవిద్యాలయం నిలబడింది!

ఇంకొకరు న్యూయార్క్ టీచర్ ఆల్విన్ అర్బీ. ఓసారి క్షౌరశాలలో తన క్లాసు పిల్లవాడు దిక్కులు చూస్తూ కూర్చోవడం గమనించారు. చేతిలో ఓ పుస్తకం ఉంటే బాగుండేది కదా అనిపించింది. నల్లజాతి అబ్బాయిలు నాన్నతోనో మామయ్యతోనో తప్పకుండా వెళ్లే చోటు అదే. అలా పుట్టింది ‘బార్బర్‌షాప్ బుక్స్’. అద్దాల పక్కన పిల్లల బొమ్మల పుస్తకాల అర పెట్టారు. ఇప్పుడది ఎన్నో నగరాలకు పాకింది.

ఇవన్నీ చిన్న ప్రయత్నాలే. ఫలితం ఉంటుందా? ఉత్తర కరోలినాలో జరిగిన ఓ పెద్ద అధ్యయనం సమాధానం చెబుతోంది. మూడు నుంచి అయిదో తరగతి లోపు ఒక్క నల్లజాతి టీచరు దగ్గర చదివినా చాలు... నిరుపేద నల్లజాతి అబ్బాయిలు తర్వాత బడి మానేసే ప్రమాదం 39 శాతం తగ్గింది. ఒక్క టీచరు, ఒక్క ఏడాది!

దక్షిణ కరోలినాలోని చిన్న ఊళ్ల బడుల్లో ఇప్పుడు ఉదయం గంట కొట్టగానే తెల్లపిల్లలూ నల్లపిల్లలూ కలిసి లేచి ఆ కుర్ర మాస్టార్లకు గుడ్మార్నింగ్ చెబుతారు. పేరుకు ముందు ‘మిస్టర్’ చేర్చి మరీ! వాళ్ల తాతముత్తాతలకు ఆ రాష్ట్రంలోనే ఎవరూ ఇవ్వని పిలుపది.