మిథైల్‌ఫెనిడేట్ వాడకం

మిథైల్‌ఫెనిడేట్ అనునది ఏకాగ్రతా లోపము, అతిచురుకుదనము (ఏ.డి.హెచ్.డి.) గల పిల్లలకు, పెద్దలకు వైద్యులు వ్రాసి ఇచ్చే ఉత్తేజక ఔషధము. మెదడులో డోపమైన్, నార్‌ఎపినెఫ్రిన్ అను రసాయనాలు వెంటనే నాడీకణాలలోకి తిరిగిపోకుండా ఇది అడ్డుపడుతుంది. ఈ రుగ్మతకు భారతదేశంలో వాడే ఉత్తేజకాలలో ఇదే ముఖ్యమైనది. అమెరికాలో విరివిగా వాడే ఆడెరాల్ ఇక్కడ అమ్మకంలో లేదు. సెలవులకు స్వగ్రామం వచ్చేవారు ఈ సంగతి ముందే తమ వైద్యునితో మాట్లాడుకొనవలెను.

చరిత్ర

దీనిని 1944లో స్విట్జర్లాండులోని సీబా సంస్థలో లియాండ్రో పానిజ్జాన్ తయారుచేశాడు. 1954లో రిటాలిన్ పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆ పేరు ఆయన భార్య రీటా పేరునుండి వచ్చినదే.

చట్టము, దూరము

ఈ మందు 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్.డి.పి.ఎస్.) పరిధిలోను, ఔషధ నియమాలలోని షెడ్యూల్ ఎక్స్ లోను ఉన్నది. అందువలన చీటీ రెండు ప్రతులలో ఉండాలి. ఒక ప్రతిని దుకాణదారు రెండు సంవత్సరాలు భద్రపరుస్తాడు. అమ్మడానికి ప్రత్యేక లైసెన్సు కావాలి కనుక ప్రతి మందుల దుకాణంలోను ఇది దొరకదు.

నంద్యాల, ఆళ్లగడ్డ వంటి చోట్ల ఈ నియమాల బరువు ఎక్కువగా తెలుస్తుంది. 2020 నాటి టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం షెడ్యూల్ ఎక్స్ మందులను ఫోనులోగాని వీడియోలోగాని వ్రాయరాదు. 14416 టెలీ-మానస్ సేవకు ఫోను చేసి సలహా పొందవచ్చును గాని, ఈ మందుకు చీటీ కావాలంటే మానసిక వైద్యుని ఎదుట కూర్చోవలసినదే. ఆళ్లగడ్డనుండి నంద్యాల సుమారు 40 కి.మీ., అక్కడినుండి కర్నూలు మరో 70 కి.మీ. కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాలలో మానసిక వైద్య విభాగం కలదు. నంద్యాలలో ప్రభుత్వ వైద్య కళాశాల 2023లో ప్రారంభమైనది. డబ్బాలో చివరి మాత్ర మిగిలేవరకు ఆగక, వారం పది రోజులు ముందుగానే ప్రయాణం పెట్టుకొనడం మంచిది. చీటీ లేకుండా ఇస్తామనేవారి వద్ద, పార్సిలులో పంపుతామనేవారి వద్ద కొనరాదు.

వాడే విధానము

సాధారణంగా ఆరేళ్లు నిండిన పిల్లలకే ఇస్తారు. మొదలుపెట్టే ముందు రక్తపోటు, నాడి, ఎత్తు, బరువు చూస్తారు. కుటుంబంలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా గుండె ఆగి మరణించి ఉంటే దాచకుండా చెప్పాలి. గ్లాకోమా, భ్రమలు, మూర్ఛ, గర్భం, ఇదివరకటి మత్తు అలవాటు, వాడుతున్న ఇతర మందులు కూడ తెలపాలి.

తక్కువ మోతాదుతో, తరచుగా 5 మి.గ్రా. తో, మొదలుపెట్టి వారం వారం చూస్తూ పెంచుతారు. మామూలు మాత్ర ప్రభావం మూడు నాలుగు గంటలే. నెమ్మదిగా కరిగే మాత్రలు పగలంతా పనిచేస్తాయి. వాటిని నూరరాదు, నమలరాదు. సాయంత్రం వేస్తే నిద్ర పట్టదు. ఒక పూట మరచినచో మరుపూట రెండు వేయరాదు. మద్యం పూర్తిగా మానాలి.

ఆకలి మందగించడం, నిద్రలేమి, తలనొప్పి, కడుపునొప్పి తరచుగా కనిపిస్తాయి. మధ్యాహ్నం పిల్లవాడు అన్నం ముట్టకపోతే ఉదయం మాత్రకు ముందు, రాత్రి మందు ప్రభావం తగ్గాక కడుపునిండా పెట్టడం ఉపాయం. ఛాతీనొప్పి, స్పృహ తప్పడం, లేనివి కనబడడం లేదా వినబడడం జరిగితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

పరీక్షార్థులు

నంద్యాల బ్యాంకు పరీక్షల శిక్షణకు పేరుపొందిన ఊరు. అద్దెగదులలో ఉండి రాత్రింబవళ్లు చదివేవారికి ఇటువంటి మాత్ర ఆశ పుట్టించడం వింత కాదు. అయితే 2023లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో, రుగ్మత లేనివారు ఇటువంటి మందులు వేసుకొని చిక్కులెక్కలు చేసినప్పుడు శ్రమ పెరిగింది గాని పని నాణ్యత తగ్గింది. గదిలోని స్నేహితునికి ఒక మాత్ర ఇవ్వడం కూడ చట్టవిరుద్ధమే. అతని గుండె పరిస్థితి ఇచ్చినవానికి తెలియదు.

నిల్వ

నంద్యాల వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. ఈ మాత్రలను సాధారణంగా 30 డిగ్రీలకు మించని చోట, తేమ తగలకుండా ఉంచాలి. రేకుల కప్పు క్రింది అలమర, ఎండలో నిలిపిన బండి డిక్కీ పనికిరావు. బీరువాలో తాళం వేసి, మాత్రల లెక్క పెద్దవారు ఉంచుకొనవలెను.