ఆ ఫొటోలో ఆమె చేతులు ఏం చేస్తున్నాయి?

1945 మే నెలలో, ఐరోపాలో యుద్ధం ముగిసిన రోజుల్లో తీసిన నలుపు తెలుపు ఫొటో ఒకటి లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో ఉంది. ఇంగ్లండు తూర్పు తీరంలోని బాడ్సీ రాడార్ కేంద్రం అది. వైమానిక దళ మహిళా విభాగానికి చెందిన యువతి ఒక పెద్ద రిసీవర్ ముందు కూర్చుని గాజు తెర చూస్తోంది. విమానం ఏ దిక్కున ఉందో చూడాలా, ఎంత ఎత్తున ఉందో చూడాలా అన్నది కుడిచేత్తో ఎంచుకుంది. కోణం కొలిచే గోనియోమీటర్ రీడింగును లెక్కల యంత్రానికి పంపడానికి ఎడమచేయి సిద్ధంగా ఉంది.

రాడార్ ఉండగా చేతులతో ఇంత పని ఎందుకు? బాడ్సీ తరహా రాడార్‌లో గుండ్రంగా తిరిగే యాంటెన్నా లేదు. తీరం వెంట కదలకుండా నిలబడ్డ టవర్లు సెకనుకు 25 సార్లు రేడియో తరంగాలను సముద్రం మీదికి వెదజల్లేవి. విమానానికి తగిలిన తరంగం వెనక్కి వస్తే తెర మీది వెలుగు గీత ఒకచోట కిందికి కుంగేది. గీత మొదటి నుంచి ఆ కుంగు ఎంత దూరంలో ఉందో అదే విమానం దూరం. వంద కిలోమీటర్ల అవతల విమానం ఉంటే ప్రతిధ్వని రావడానికి సెకనులో వెయ్యోవంతు కూడా పట్టదు. యంత్రం తనంతట తాను చెప్పేది అంతవరకే.

దిక్కు తేల్చాల్సింది మనిషి. గోనియోమీటర్ పిడి తిప్పుతూ పోతే ఒక కోణం దగ్గర ఆ కుంగు మాయమవుతుంది. ఆ కోణాన్ని బట్టే దిక్కు. బాగా కనిపించే చోటు వదిలేసి మాయమయ్యే చోటే ఎందుకు వెతకాలి? మీడియం వేవ్‌లో హైదరాబాద్ ఆకాశవాణి విన్నవాళ్లకు ఇది తెలుసు. ట్రాన్సిస్టర్‌ను కాస్త అటూ ఇటూ తిప్పినా పాట బాగానే వినిపిస్తుంది, ఒకే ఒక్క వైపు తిప్పినప్పుడు మాత్రం ఠక్కున తగ్గిపోతుంది. బాగా వినిపించే కోణాలు బోలెడు, వినిపించని కోణం ఇరుకు. కొలతకు ఇరుకైనదే పనికొస్తుంది. ఎత్తు కోసమైతే వేర్వేరు ఎత్తుల్లో కట్టిన యాంటెన్నాల సిగ్నళ్లను పోల్చేవారు.

ఎన్ని విమానాలు వస్తున్నాయన్నది ఏ ముల్లూ చూపేది కాదు. గుంపుగా వచ్చే విమానాల ప్రతిధ్వనులు ఒకదానితో ఒకటి కలిసి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటూ ఉంటే తెర మీది గుర్తు వణుకుతుంది. ఆ వణుకును చూసి సంఖ్య చెప్పడం అచ్చంగా అనుభవం. నా దృష్టిలో ఆ ఫొటోలో చూడాల్సింది ఈ నైపుణ్యాన్నే. యంత్రం ఉన్నంత మాత్రాన పని జరగదు. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీదికి వచ్చినప్పుడు అక్కడ రాడార్ ఉంది, హెచ్చరిక మాత్రం అందలేదు. మర్నాడే విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు పడ్డాయి. 9వ తేదీన ట్రింకోమలీలో మాత్రం రాడార్ ముందే పసిగట్టింది.

ఇంగ్లండులోని ఆ తెరలకు మనతోనూ ఓ ముడి ఉంది. బ్రిటిష్ వైమానిక దళంలోని 152వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరుండేది, చిహ్నంగా నిజాం తలపాగా ఉండేది. నిజాం ఇచ్చిన ఆర్థిక సాయానికి గుర్తింపు అది. 1940లో ఆ దళం స్పిట్‌ఫైర్ యుద్ధవిమానాలు ఇంగ్లండు దక్షిణ తీరంలో పోరాడాయి. వాటిని శత్రువు వైపు నడిపించింది ఇలాంటి తెరల ముందు తేల్చిన లెక్కలే. ఆ నిజాంకు పేష్కష్ (కప్పం) కట్టిన సంస్థానాల్లో మన గద్వాల, వనపర్తి, జటప్రోలు ఉన్నాయి. కాబట్టి ఆ రాడార్ గదిని మనకు సంబంధం లేనిదిగా నేను చూడలేను.

మరి ఆ తెర మీద వాన కనిపించేదా? లేదు. అక్కడి తరంగం పొడవు సుమారు 12 మీటర్లు. చినుకు అంత పొడవైన తరంగాన్ని దాదాపు పట్టించుకోదు. అదే తరంగాన్ని 10 సెంటీమీటర్లకు తగ్గిస్తే చినుకు వెనక్కి పంపే శక్తి దాదాపు 20 కోట్ల రెట్లు పెరుగుతుంది. 1940లో బర్మింగ్‌హామ్‌లో తయారైన మాగ్నెట్రాన్ అలాంటి పొట్టి తరంగాలను బలంగా పుట్టించగలిగింది. అప్పటి నుంచి వాన తెరకెక్కింది. విమానాలు వెతికేవాళ్లకు అది అడ్డు, వాతావరణం చూసేవాళ్లకు వరం.

బేగంపేటలోని డాప్లర్ రాడార్ వాడేది ఈ పొట్టి తరంగాలనే. అక్కడి నుంచి నాగర్‌కర్నూల్ నేరుగా సుమారు 110 కిలోమీటర్లు, వనపర్తి 130, గద్వాల 150. గద్వాల మీది మబ్బుకు తగిలి తరంగం తిరిగి చేరడానికి సెకనులో వెయ్యోవంతు చాలు. తిరిగొచ్చిన తరంగం ఫ్రీక్వెన్సీలో తేడాను బట్టి గాలి రాడార్ వైపు వస్తోందో, దూరమవుతోందో కూడా తెలుస్తుంది.

అయితే భూమి గుండ్రంగా ఉంది. తరంగాన్ని అర డిగ్రీ పైకెత్తి పంపితే గద్వాల చేరేసరికి అది నేలకు రెండున్నర కిలోమీటర్లకు పైనే ఉంటుంది. దాని కింద ఏం జరుగుతోందో రాడార్‌కు కనిపించదు. మబ్బు పైభాగంలో చినుకులు కనిపించినా అవి కిందికొచ్చేలోపు పొడిగాలిలో ఆవిరైపోవచ్చు. అందుకే గద్వాల వైపు సూచన చెప్పేవాళ్లు రాడార్ చిత్రంతో పాటు ఉపగ్రహ చిత్రాలనూ, మండలాల్లోని ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల రీడింగులనూ పక్కన పెట్టుకుని చూడాలి.