పరుల ప్రతిభ – ప్రకటనల పెట్టుబడి

వస్తువు గుణమును చెప్పి అమ్ముట పాతపద్ధతి. దానిని వాడినవాని ఘనతను చూపి అమ్ముట మరియొక పద్ధతి. పిల్లలు పాలలో కలుపుకొను బూస్టు పొడికి కపిల్‌దేవ్, తరువాత సచిన్ టెండూల్కర్ ప్రచారము చేసిరి. పొడి త్రాగినంత మాత్రమున సెంచరీలు రావని తల్లి యెరుగును. అయినను డబ్బా కొనును. పోయినది స్వల్పము గనుక చింత లేదు.

చదువు సంగతి అట్టిది కాదు. ఎంసెట్ ఫలితములు వెలువడినంతనే పత్రికల పుటలు ర్యాంకులతో, విద్యార్థుల ఛాయాచిత్రములతో నిండిపోవుట పాఠకు లెరిగినదే. తెలంగాణమున 2024 నుండి ఆ పరీక్ష పేరు ఎప్‌సెట్‌గా మారినది గాని ప్రకటనల తీరు మారలేదు. కోరుట్లలో ఆ పుటను చూచు ఇండ్లలో తల్లి బీడీలు చుట్టునవి కలవు. తండ్రి గల్ఫు దేశములలో కూలిచేయునవి కలవు. అట్టి యింట ఫీజు అనగా వేల బీడీలు, ఏండ్ల యెడబాటు. ‘మన బిడ్డ ఫొటో గూడ అట్ల పడాలె’ అను ఆశయే ఆ ప్రకటనకు మూలధనము.

ర్యాంకు నిజమే కావచ్చును. అది ఆ సంస్థవలననే వచ్చినదా యనునదే ప్రశ్న. సివిల్ సర్వీసు శిక్షణసంస్థల ప్రకటనలను కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ విచారింపగా, పలువురు విజేతలు పొందినది మౌఖిక పరీక్షకు ఉచితముగా నిచ్చిన శిక్షణ మాత్రమే యని తేలినది. ఆ సంస్థయే 2024 నవంబరు 13న శిక్షణకేంద్రముల ప్రకటనలకు నియమములు విధించినది. విజేత బొమ్మతోబాటు అతని ర్యాంకు, చదివిన కోర్సు, దాని కాలపరిమితి, రుసుము చెల్లించెనా లేదా యనునవి తెలుపవలెను. ఫలితము వచ్చిన పిదప అతని వ్రాతపూర్వకమైన అంగీకారము పొందవలెను. తప్పుదారి పట్టించు ప్రకటనకు 2019 నాటి చట్టము క్రింద పదిలక్షల రూపాయల వరకు జరిమానా కలదు.

చట్టము బొమ్మ క్రింది వివరములను రాబట్టగలదు. బొమ్మకెక్కని వారి సంగతిని తలిదండ్రులే అడుగవలెను. ఫీజు కట్టుటకు ముందు, ఆ యేడు అచ్చట చేరినవా రెందరు, వారిలో సీటు దొరికినవా రెందరు అని నిలదీసి అడుగుటకు సంకోచింప నక్కరలేదు. మిగిలినవారును అదే ఫీజు కట్టినవారే; వారి యిండ్లలోను బీడీలు చుట్టిన చేతులే కలవు.