కుదించిన జీర్ణాశయము - విటమినులు, ఖనిజములు

కడియము, కడియపులంక నర్సరీలలో పనిచేయువారికి ఆకును చూచి మొక్క ఆకలిని గుర్తించుట అలవాటు. క్రింది ముదురాకులు పసుపుబారినచో నత్రజని చాలలేదన్నమాట. లేత ఆకులు పాలిపోయి, ఈనెలు మాత్రము పచ్చగా నిలిచినచో ఇనుము అందలేదన్నమాట. ఈ రెండవదానిలో ఒక విశేషమున్నది. చాల సందర్భములలో మట్టిలో ఇనుము కావలసినంత ఉండును. కాని మట్టికి క్షారగుణము హెచ్చుటచే అది నీటిలో కరుగదు. కరుగనిది వేళ్లకు అందదు. పదార్థము లేకపోవుట ఒకటి, ఉండియు అందకపోవుట మరియొకటి.

స్థూలకాయమును తగ్గించుటకు శస్త్రచికిత్స చేయించుకొన్నవారికి ఈ రెండు చిక్కులును ఒక్కసారిగా వచ్చును. తినునది తగ్గును; తిన్నదానిలోని సారము అందుటయు తగ్గును.

మనుష్యుని జీర్ణాశయము భోజన సమయమున సాగి ఒక లీటరు, అంతకు మించి కూడ పట్టగలదు. నేడు హెచ్చుగా చేయుచున్న శస్త్రచికిత్సలు రెండు. మొదటిదానిలో జీర్ణాశయమున సుమారు ముప్పాతిక భాగము కోసి తీసివేసి, అరటికాయవంటి సన్నని గొట్టమును మిగుల్తురు. రెండవదానిలో పైభాగమున సుమారు 30 మిల్లీలీటర్లు పట్టు చిన్నసంచిని విడదీసి, దానిని చిన్నప్రేవులో కొంత దిగువ భాగమునకు తిన్నగా అతుకుదురు. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమునకు చెందిన ఎడ్వర్డ్ మేసన్, చికాషి ఇటో అను వైద్యులు 1967లో ప్రకటించిన పద్ధతి ఈ రెండవదానికి మూలము. వీనివలన బరువు తగ్గును. పెక్కుమందికి మధుమేహమును అదుపులోనికి వచ్చును. మేలు చిన్నది కాదు. అయితే దానికి చెల్లించవలసిన సుంకము జీవితాంతము ఉండును.

ఆ సుంకము ఎట్టిదో తెలియుటకు ధవళేశ్వరము నుండి బయలుదేరు కాలువను తలచుకొనవచ్చును. మొదటి తూములను తప్పించి కాలువను ప్రక్కదారి పట్టించినచో, దిగువ చేలకు నీరందును గాని ఆ తూముల క్రింది చేలు ఎండును. ఇనుము, కాల్షియము హెచ్చుగా గ్రహింపబడునది చిన్నప్రేవు మొదటి భాగముననే. రెండవ శస్త్రచికిత్సలో ఆహారము ఆ భాగమును తాకకయే పోవును. ఇది గాక ఆమ్లము సంగతి కూడ ఉన్నది. శాకములలోని ఇనుము చాలవరకు ఫెర్రిక్ రూపమున ఉండును. జఠరరసములోని హైడ్రోక్లోరికామ్లము దానిని కరిగించి, ఫెర్రస్ రూపమునకు మారుటకు తోడ్పడును. జీర్ణాశయము చిన్నదైనచో ఆమ్లమును తగ్గును. రసాయనశాస్త్రములో విద్యార్థులు చదువు పాఠమే ఇచట రక్తహీనతగా కనబడును. ఇనుపమాత్రతో నిమ్మరసము మేలు చేయుటకును, టీ కీడు చేయుటకును కారణము ఇట్టిదే: మొదటిది ఇనుమును కరుగు రూపమున నిలుపును, రెండవది దానిని బంధించును.

బి-12 విటమిను కథ వేరు. జీర్ణాశయపు గోడలు స్రవించు ఒక ప్రోటీను దానిని అంటిపెట్టుకొని, చిన్నప్రేవు చివరి భాగము వరకు తోడు వచ్చినగాని అది రక్తములో చేరదు. తోడు తగ్గినచో విటమిను వృథాయగును. కాలేయములో బి-12 నిలువ కొన్ని సంవత్సరములకు సరిపోవును గనుక లోపము వెంటనే బయటపడదు. రోగి తనకేమియు లేదనుకొని మాత్రలు మానివేయుటకు ఇదియే అవకాశము. తరువాత కాళ్లు తిమ్మిరులెక్కును, నడక తూలును. నరములు ఒకసారి చెడినచో పూర్తిగా కోలుకొనునన్న హామీ లేదు.

ఇచట ఫోలిక్ ఆమ్లమును గురించి ఒక హెచ్చరిక అవసరము. 1895లో భీమవరమున జన్మించి రాజమహేంద్రవరమున చదివిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలోని లెడర్లే పరిశోధనశాలలో నడపిన బృందమే 1945 ప్రాంతమున ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగా తయారుచేసినది. ఆయన సోదరులను బలిగొన్న స్ప్రూ అను వ్యాధి ప్రేవులు పోషకములను గ్రహింపలేకపోవుటయే. ఫోలిక్ ఆమ్లము ఆ వ్యాధికి పనికివచ్చినది. కాని బి-12 లోపమువలన వచ్చిన రక్తహీనతకు ఫోలిక్ ఆమ్లము మాత్రమే ఇచ్చినచో రక్తము బాగుపడినట్లు కనబడును. నరముల చెరుపు మాత్రము లోలోపల సాగుచుండును. కావున ఈ శస్త్రచికిత్స జరిగినవారికి రెండును కావలెను.

అన్నిటికంటె తొందరగా అపాయము తెచ్చునది బి-1, అనగా థయమిను. గోదావరి జిల్లాలకు ఈ లోపము క్రొత్త కాదు. ఇరువదవ శతాబ్దపు పూర్వార్ధమున ఉత్తర సర్కారుల తీరము బెరిబెరికి నెలవని పేరుపడినది. రాబర్ట్ మెక్కారిసన్, నారిస్ 1924లో ఈ వ్యాధికి బియ్యముతో గల సంబంధమును గురించి పరిశోధన ప్రకటించిరి. మరలో తెల్లగా పట్టించిన పచ్చిబియ్యములో విటమిను తవుడుతో పోవును. మిగిలినది కడుగుటలోను, గంజి వార్చుటలోను పోవును. ఉప్పుడు బియ్యము తిను తమిళ జిల్లాలలో బెరిబెరి అరుదు. వడ్లను ఉడికించినపుడు విటమిను గింజలోనికి ఇంకి, మర పట్టినను చాలవరకు నిలుచుటయే కారణము.

శరీరములో థయమిను నిలువ సుమారు 30 మిల్లీగ్రాములు మాత్రమే. రెండు మూడు వారములలో అది తరిగిపోవును. శస్త్రచికిత్స తరువాత మొదటి వారములలో వాంతులు పట్టుకొన్నవానికి ఈ గడువు మరింత తగ్గును. జర్మను వైద్యుడు కార్ల్ వెర్నికె 1881లో వర్ణించిన ముగ్గురు రోగులలో ఒకతె కుట్టుపని చేయు యువతి. ఆమె గంధకికామ్లము త్రాగుటచే జీర్ణాశయము చెడి, ఎడతెగని వాంతులతో కనుగ్రుడ్ల కదలిక తప్పి, నడక తూలి, మతి చెదరి మరణించినది. అప్పటికి విటమిను అను మాటయే పుట్టలేదు.

నేటి రోగికి కూడ ఈ ప్రమాదము ఉన్నది. వాంతులతో నీరసించినవానికి మన గ్రామములలో మొదట చేయు ఉపచారము గ్లూకోజు సీసా ఎక్కించుట. గ్లూకోజును శక్తిగా మార్చుటకు కణములకు థయమిను కావలెను. ఉన్న కొద్దిపాటి నిలువ కూడ ఆ పనిలో ఖర్చగుటచే మెదడు దెబ్బతినవచ్చును. అందుచేత శస్త్రచికిత్స జరిగిన సంగతిని వైద్యునకు ముందే చెప్పవలెను. థయమిను సూదిమందును గ్లూకోజుకు ముందుగాని, దానితోపాటుగాని ఇప్పించవలెను. ఇంటిలోని పెద్దలకు ఈ ఒక్క విషయము తెలిసియుండుట ఎన్నో మాత్రలకంటె విలువైనది.

ఇక పరిమాణములు. ఈ శస్త్రవైద్యుల అమెరికా సంఘము 2016లో ఇచ్చిన సూచనల ప్రకారము దినమునకు థయమిను కనీసము 12 మిల్లీగ్రాములు. బి-12 నోటిద్వారా 350 నుండి 1000 మైక్రోగ్రాములు, లేదా నెలకొక సూదిమందుగా 1000 మైక్రోగ్రాములు. ఇనుము పురుషులకు 18, ఋతుస్రావము గల స్త్రీలకు 45 నుండి 60 మిల్లీగ్రాములు. పై రెండు శస్త్రచికిత్సలకును కాల్షియము 1200 నుండి 1500 మిల్లీగ్రాములు. డి విటమిను 3000 యూనిట్లు. కాల్షియమును ఒకేసారి మ్రింగినచో చాలభాగము వృథాపోవును గనుక 600 మిల్లీగ్రాములకు మించకుండ విడతలుగా తీసికొనవలెను. ఆమ్లము తక్కువైనవారికి కార్బొనేటు కంటె సిట్రేటు మేలు. ఇనుమును, కాల్షియమును కలిపి వేసికొనరాదు. నడుమ రెండు గంటలు విడువవలెను.

మునగాకు, తోటకూర, చోడి అంబలి, ముళ్లతో తినదగు చిన్నచేపలు - ఇవన్నియు మంచివే. కాని గుప్పెడు పట్టని కడుపులో వీనితోనే లోటు పూడునని తలచుట పొరపాటు. మాత్రలు తప్పవు; రక్తపరీక్షలు మొదటి సంవత్సరమున పలుమార్లు, తరువాత ఏటేట తప్పవు. గర్భము ధరింపగోరు స్త్రీలు శస్త్రచికిత్స తరువాత 12 నుండి 18 నెలలు ఆగవలెనని వైద్యులు చెప్పుదురు. సంతానవయస్సులోని స్త్రీలకు ఫోలిక్ ఆమ్లము దినమునకు 800 నుండి 1000 మైక్రోగ్రాములు కావలెను. శిశువు వెన్నుపాము రూపుదిద్దుకొనుట గర్భము నిలిచిన తొలి వారములలోనే, తల్లికి సంగతి సరిగా తెలియకమునుపే, జరుగును గనుక ఈ మాత్రను ముందునుండియే మొదలిడుదురు.